అమ్మను చూస్తున్నది ఎవరు?

హైదరాబాద్ నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వెయ్యవద్దన్నారు. ఆవిడకు 47 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచరు. పుట్టిల్లు తెనాలి దగ్గర ఒక పల్లె. తండ్రి నాలుగేళ్ళ కిందట పోయారు. తల్లికి 73 ఏళ్ళు, షుగరు ఉంది, ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఉన్నది ఒక్కడే తమ్ముడు, డాలస్‌లో ఉద్యోగం.

తండ్రి పదకొండో రోజున పెద్దల ముందు తమ్ముడు "అమ్మను నేను చూసుకుంటా" అన్నాడట. ఆ ఇల్లు తల్లిది. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన స్థలంలో కట్టుకున్నది. 2019లోనే దాన్ని ఆమె కొడుకు పేర గిఫ్ట్ డీడ్ రాసేసింది. తమ్ముడు నెలనెలా 15,000 రూపాయలు పంపుతున్నాడు. వంటకూ ఇంటిపనికీ ఒక మనిషిని పెట్టాడు. ఆమె పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం వెళ్ళిపోతుంది. వరండాలో, హాల్లో, వంటింట్లో కెమెరాలు పెట్టించి డాలస్ నుంచి ఫోన్‌లో చూస్తుంటాడు.

సంక్రాంతికి ముందు ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి తల్లి బాత్రూమ్‌లో జారిపడింది. అక్కడ కెమెరా లేదు. పాలబ్బాయి వచ్చి పిలిచేదాకా ఎవరికీ తెలియలేదు. ఎముక విరగలేదు కానీ అప్పటినుంచి గోడ పట్టుకుని నడుస్తోంది. ఈ సోదరి బాధ పట్టలేక బంధువులంతా ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో "నువ్వు అమ్మను చూడటం లేదు" అని తమ్ముడికి రాశారు. "రోజూ చూస్తున్నది నేనే. పండక్కి వచ్చి చూసి పోవడం తప్ప నువ్వేం చూశావు?" అని అతను రాశాడు. అంతే, ఇద్దరికీ మాటల్లేవు.

తల్లిని తన దగ్గరికి తెచ్చుకుందామని ఆవిడ భర్తను అడిగితే "చూద్దాం" అన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ "చూద్దాం". రెండు బెడ్‌రూముల ఫ్లాటు, అందులో 80 దాటిన అత్తగారు. ఊళ్ళో వాళ్ళేమో "కూతురుండీ చూడటం లేదు" అంటున్నారట. తల్లిని అడిగితే "నా సంగతి సరేలే, ముందు మీ ఇల్లు మీరు చూసుకోండి" అంటుంది. అదే తల్లి పక్కింటావిడతో "పిల్లలు చూస్తున్నారమ్మా, అయినా చూసే దిక్కు లేదు" అన్నదని తెలిసి ఈ సోదరికి నిద్ర పట్టడం లేదు. తప్పు నాదా, తమ్ముడిదా? అమ్మను తెచ్చుకోనా, అక్కడే ఉంచనా? ఇల్లు రాయించుకుని చూడనివాళ్ళ మీద ఆర్డీవోకు ఫిర్యాదు చెయ్యవచ్చంటున్నారు, చెయ్యనా? ఇవీ ఆవిడ ప్రశ్నలు. చివర్లో ఒక వాక్యం రాసి కొట్టేశారు, అయినా చదవడానికి వీలుగానే ఉంది: "ఇల్లు వాడికి, చాకిరీ నాకా?"

*

అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే ఒక విషయం మనసులో నిలబడిపోయింది. మీ ఇంట్లో అందరూ ఒకే క్రియ వాడుతున్నారు. మీరూ, తమ్ముడూ, మీవారూ, ఊరివాళ్ళూ, చివరికి అమ్మ కూడా. అందరూ "చూడటం" గురించే మాట్లాడుతున్నారు, ఎవరి మనసులో ఉన్నది వారిది. మీరు "చూడటం లేదు" అన్నప్పుడు మీ మనసులో ఉన్నది రాత్రిపూట పక్కన మనిషి లేకపోవడం. మీ తమ్ముడికి వినిపించింది "డబ్బు పంపటం లేదు, పట్టించుకోవటం లేదు" అని. అతనికది అబద్ధం. అతను "నువ్వేం చూశావు" అన్నప్పుడు అతని మనసులో ఉన్నది నెలనెలా పంపే డబ్బు, పనిమనిషి జీతం, కరెంటు బిల్లు. మీకు వినిపించింది "నీకు అమ్మంటే ప్రేమ లేదు" అని. మీకది అబద్ధం. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరూ గాయపడ్డారు.

తెలుగులో మనం ఈ మాట మీద మోయలేనంత బరువు పెట్టాం. కూర రుచి చూస్తాం, డాక్టరు చెయ్యి చూస్తాడు, పంతులుగారు ముహూర్తం చూస్తారు, పిల్లకు సంబంధం చూస్తాం, ఒకాయన ఆఫీసులో లెక్కలు చూస్తాడు, కోపం వస్తే అంతు చూస్తామంటాం. వీటిల్లో పేచీ రాదు, ఎందుకంటే పక్కనున్న మాట అర్థాన్ని తేల్చేస్తుంది. ముహూర్తం చూడటమంటే ఏమిటో ఇద్దరికీ ఒకటే తెలుసు. "అమ్మను చూసుకోవడం" దగ్గర మాత్రం అలా తేలదు. ఆ "కొను" చేరగానే పని తన మీద వేసుకున్నట్టు అర్థం వస్తుంది. ఏ పని, ఎంత, ఎప్పటిదాకా అన్నది మాత్రం రాదు. మీ తమ్ముడు పదకొండో రోజున అన్న మాట మనస్ఫూర్తిగా అన్నదే అని నేను నమ్ముతున్నాను. దుఃఖంలో, పెద్దల ముందు, కొడుకు అనే మాట అది. ఆ రోజు "చూసుకోవడమంటే ఏమేం చేస్తావు నాయనా?" అని అడిగినవాళ్ళు లేరు. అడిగితే తప్పుగా ఉంటుందని ఎవరూ అడగరు కూడా.

కాబట్టి నా మొదటి సలహా, కొన్నాళ్ళపాటు మీ ఇద్దరి మధ్య ఈ మాట వాడకండి. దాని బదులు వాడటానికి తెలుగులో మంచి మాటలు, ఒక్కో పనికి ఒక్కోటి, ఉన్నాయి.

తిండికీ మందులకూ ఖర్చు పెట్టడం పోషించడం. అది మీ తమ్ముడు చేస్తున్నాడు, ఒప్పుకోండి. పనిమనిషి వచ్చిందా, గ్యాస్ బుక్ చేశారా, కప్పు కారుతుంటే మేస్త్రీని పిలిచారా అని చూడటం అజమాయిషీ. అదీ అతనే ఫోన్ మీద చాలావరకు చేస్తున్నట్టుంది. మనిషి పక్కన ఉండి, లేస్తే చెయ్యందించి, రాత్రి దగ్గితే లేచి నీళ్ళివ్వడాన్ని మన పెద్దవాళ్ళు కనిపెట్టుకుని ఉండటం అంటారు. అది మీ అమ్మ దగ్గర ఎవరూ చెయ్యడం లేదు. మీరూ చెయ్యడం లేదు, తమ్ముడూ చెయ్యడం లేదు. ఆ తెల్లవారుజామున లేనిది అదే. ఇంకొకటి కనుక్కోవడం, అంటే ఎలా ఉన్నావు, ఏం తిన్నావు, మోకాలు ఎలా ఉంది, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగి, చెప్పేది చివరిదాకా వినడం. అందులో ఉన్న "కను" పాత తెలుగులో చూడటమే. రోజూ అరగంట ఆమెతో మాట్లాడతానని మీరు రాశారు కాబట్టి ఈ పని మీది, మీరే చేస్తున్నారు. మీ తమ్ముడి లెక్కలో అది లేదు. మీ లెక్కలో కూడా దానికి విలువ వేసుకున్నట్టు లేదు.

ఇప్పుడు అమ్మ పక్కింటావిడతో అన్న మాట మళ్ళీ చదవండి. "పిల్లలు చూస్తున్నారు" అన్నది పోషణ, కనుక్కోవడం. "చూసే దిక్కు లేదు" అన్నది కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోవడం. ఆమె మిమ్మల్ని నిందించలేదు. తమ్ముడినీ నిందించలేదు. తన పరిస్థితిని ఉన్నదున్నట్టు చెప్పింది. నాకు తెలిసి మీ ఇంట్లో ఈ విషయం మీద అందరికంటే స్పష్టంగా మాట్లాడింది ఆమే.

కెమెరాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చాలా ఇళ్ళల్లో ఇదే నడుస్తోంది, పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెడుతున్నారు. ఏడు సముద్రాల అవతల ఉన్న కొడుకు తల్లి కదులుతుంటే ఫోన్‌లో చూసుకుని తృప్తి పడటాన్ని నేను తప్పు పట్టను. కానీ గడియారం చూడండి. డాలస్‌లో ఉదయం ఏడింటికి అతను లేచి ఫోన్ తెరిస్తే, వేసవిలో ఇక్కడ సాయంత్రం ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంటుంది. అతనికి రోజూ కనిపించే అమ్మ కుర్చీలో కుదురుగా కూర్చున్న అమ్మ. ఆమె పడినప్పుడు అతనికి ముందురోజు సాయంత్రం నాలుగున్నర, ఆఫీసు వేళ. పడిన చోట కెమెరా లేదు, ఉండకూడదు కూడా. అంటే, అతను చూస్తున్న గంటల్లో ప్రమాదం లేదు, ప్రమాదం ఉన్న గంటల్లో చూడటం కుదరదు. దీన్ని అతని నిర్లక్ష్యం అనకండి. ఆ పరికరానికి అంతకంటే చేతకాదు.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసి వదిలేసిన ఒక వివరం నాకు చాలా పెద్దదిగా కనిపించింది. కెమెరాలోంచి తమ్ముడి గొంతు హఠాత్తుగా "అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అని వినిపిస్తే అమ్మ ఉలిక్కిపడి పైట సర్దుకుంటుందనీ, సాయంత్రం పూట వచ్చి కూర్చునే ఆడవాళ్ళు కెమెరా పెట్టాక రావడం మానేశారనీ రాశారు. ఆమెకు ఆ సాయంత్రపు కబుర్లే రోజంతటిలో మనుషుల తోడు. పోనీ పడిందే అనుకోండి, "ఏంటి, ఇవాళ తలుపు తియ్యలేదు?" అని వచ్చి చూసేదీ ఆ ఆడవాళ్ళే. కెమెరా రావడంతో ఆ నాలుగు జతల కళ్ళు పోయాయి. ఇది తమ్ముడికి తెలిసి ఉండదు. అమ్మ చెప్పదు, మీరూ చెప్పలేదు. హాల్లో కెమెరా తీసేసి వరండాలోది ఉంచితే చాలునేమో, అమ్మను అడిగి తేల్చండి. ఆమె ఇంట్లో ఆమెను ఎవరు ఎప్పుడు చూడవచ్చో చెప్పవలసింది ఆమె. పడిపోయినప్పుడు నొక్కడానికి మెళ్ళో వేసుకునే బటన్ పరికరాలు దొరుకుతున్నాయి. నొక్కితే పక్కింటికీ, ఊళ్ళో ఉన్న బంధువుకీ ఫోన్ మోగేలా పెట్టుకోవచ్చు. డాలస్‌లో మోగితే లాభం లేదు.

ఇక్కడే ఇంకొకటి, ఇది వాయిదా వెయ్యకండి. ఆమె ఎందుకు పడింది? నేల తడిగా ఉందని మీరంతా అనుకున్నారు. షుగరు ఉన్న 73 ఏళ్ళ మనిషి చీకట్లో పడితే చూపు తగ్గిందేమోనని కూడా అనుమానించాలి. షుగరు వల్ల కంటి వెనుక పొర దెబ్బతినడం మొదలైనప్పుడు నొప్పి ఉండదు, చాలాకాలం తేడా కూడా తెలియదు. నీటికాసుల జబ్బులో (గ్లాకోమా) చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది, ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంటుంది కాబట్టి మనిషి "నాకేం, బానే కనిపిస్తోంది" అంటుంది. అబద్ధమాడినట్టు కాదు, ఆమెకు అలాగే అనిపిస్తుంది. షుగరున్నవాళ్ళు ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని లోపలి పొర చూపించుకోవాలి. అద్దాల షాపులో అక్షరాలు చదివిస్తే సరిపోదు. శుక్లాలైతే ఆపరేషన్‌తో బాగవుతాయి. మిగతా రెండింటిలో పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే. గుంటూరు, విజయవాడ ఆమెకు దూరం కాదు. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, వెంట మనిషి ఉండాలి. ఆ మనిషి మీరే అవ్వండి. లేవగానే తల తిరుగుతోందా అని కూడా డాక్టరుతో చెప్పండి, బీపీ మాత్రల వల్ల కూడా పడతారు. వచ్చేటప్పుడు బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకు కమ్మీ, మంచం దగ్గర నుంచి అక్కడిదాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు పెట్టించండి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సరే, అమ్మ ఎక్కడ ఉండాలన్న ప్రశ్న. నేను ఇది చెయ్యండి అని ఒక్కమాటలో చెప్పను. ఏది చేస్తే ఏమవుతుందో చెప్తాను.

ఆమె ఊళ్ళోనే ఉంటే, ఇప్పటి ఏర్పాటు చాలదు. పొద్దున వచ్చి వెళ్ళే మనిషి కంటే రాత్రి పడుకునే మనిషి ముఖ్యం. పల్లెల్లో ఇలా రాత్రి తోడుకు వచ్చే ఒంటరి ఆడవాళ్ళు దొరుకుతారు, అమ్మకు తెలిసినవాళ్ళైతే ఆమె ఒప్పుకుంటుంది. దీనికి ఖర్చు పెరుగుతుంది. అది ఎవరు భరిస్తారన్నది మీరూ తమ్ముడూ మాట్లాడుకోవాలి, కొంత మీరు కూడా వెయ్యగలిగితే వెయ్యండి. ఆమెకు తన ఇల్లు, గుడి, ఆ అరుగు, ఆ మనుషులు మిగులుతారు. దీని లోటు, ఆ తోడు మనిషి ఒకరోజు రాకపోతే ఏర్పాటంతా కూలుతుంది. ఊళ్ళో ఇంకొక నమ్మకమైన మనిషి ఫోన్ నంబరు మీ ఇద్దరి దగ్గరా ఉండాలి.

మీ దగ్గరికి తెచ్చుకుంటే మీ కంటిమీదికి కునుకు వస్తుంది. కానీ ఆలోచించండి, మీరు పొద్దున ఏడున్నరకు స్కూలుకు బయల్దేరితే మళ్ళీ సాయంత్రమే. పగలంతా నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరు మీ అమ్మ, ఒకరు మీ అత్తగారు. మీ ఉత్తరంలో అత్తగారి గురించి కోపం లేదు, అది మంచి శకునం. కానీ తన కొడుకు ఇంట్లో ఉన్నావిడకు ఉండే చొరవ కూతురింట్లో ఉన్నావిడకు ఉండదు. మీ అమ్మ కాఫీ కావాలన్నా అడగదు. "అల్లుడి ఇంట్లో" అన్న బిడియం ఆ తరంలో చాలా లోతైనది, మీరు ఎంత ప్రేమగా ఉన్నా పోదు. అయితే కొందరు ఆర్నెల్లలో అలవాటు పడటం కూడా నేను చూశాను. కాబట్టి "ఇక ఇక్కడే ఉండాలి" అని తీసుకురాకండి. కంటి పరీక్ష పేరుతో, వేసవి సెలవుల్లో, మీరు ఇంట్లో ఉండే రోజుల్లో తీసుకురండి. ఎలా ఉంటుందో ఆమెకూ మీకూ మీవారికీ తెలుస్తుంది. తిరిగి వెళ్ళే టికెట్ కూడా ముందే తీసుకోండి. తిరిగి వెళ్ళవచ్చని తెలిస్తేనే ఆమె మనసు పెట్టి ఉండగలుగుతుంది.

తమ్ముడు ఆమెను డాలస్ తీసుకువెళ్ళడం మీరు అడగలేదు కాబట్టి ఎక్కువ రాయను. కారు లేకుండా గడప దాటలేని చోట ఆమె ఏకాకి అవుతుంది, వైద్యం ఖర్చు కూడా భయపెట్టేదే. ఇక వృద్ధాశ్రమం అనగానే మీకు కళ్ళనీళ్ళు వస్తాయని తెలుసు. గుంటూరు, విజయవాడ వైపు నర్సులు ఉండేవి, మంచివి ఉన్నాయి. ఈ రోజుకు మీ అమ్మకు అది అవసరమని నేను అనుకోను. రేపు మంచం పడితే మాత్రం దాన్ని అవమానంగా తలచి తోసిపుచ్చకండి.

ఆర్డీవో సంగతి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. మీకు చెప్పినవాళ్ళు తప్పు చెప్పలేదు, సగం చెప్పారు. ఆ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. రాత్రిపూట తోడు అందులో లేదు, రోజూ ఫోన్ చెయ్యడం లేదు. ట్రిబ్యునల్ ఇప్పించగల మొత్తానికి చట్టం నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టింది, మీ తమ్ముడు పంపుతున్నది 15,000. అక్కడికి వెళ్ళి ఏమడుగుతారు? ఇంకొకటి, ఆ చట్టంలో పిల్లలంటే కొడుకూ కూతురూ ఇద్దరూ. పెళ్ళయిన కూతురికి కూడా తల్లిదండ్రుల పోషణ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. తమ్ముడు బాధ్యుడైతే మీరూ బాధ్యులే.

ఇల్లు వెనక్కి తీసుకోవడం ఆ చట్టంలోని 23వ సెక్షన్ కింద వస్తుంది. నన్ను పోషించాలి అన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్ళు ఆ షరతు తప్పితే ఆ దస్తావేజు రద్దు చెయ్యమని రాసిచ్చినవారు అడగవచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో ఇచ్చిన ఇంకొక తీర్పులో ఈ చట్టం పెద్దవాళ్ళ మేలు కోసం వచ్చింది కాబట్టి ఉదారంగా అర్థం చేసుకోవాలంది. మీ అమ్మ రాసిన దస్తావేజులో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదన్నారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకుని చదవండి, తెలిసి ఉండటం మంచిది. కానీ ఈ హక్కు మీ అమ్మది. ఆమె కోరుకోకుండా మీరు ఈ దారి పడితే కొడుకు మీద కేసు వేసిన తల్లిగా ఊళ్ళో బతకవలసింది ఆమె. ఎవరైనా పెద్దవాళ్ళను తిండిపెట్టకుండా, కొట్టి, బయటికి గెంటిన ఇళ్ళకు ఈ చట్టం దేవుడిలాంటిది. అలాంటివాళ్ళు 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది. మీ ఇల్లు అలాంటిది కాదని మీ ఉత్తరమే చెప్తోంది.

ఇక మీరు కొట్టేసిన వాక్యం. "ఇల్లు వాడికి, చాకిరీ నాకా?" కొట్టెయ్యకుండా ఉండాల్సింది. అది స్వార్థం కాదు. ఆస్తి రాసేటప్పుడు కొడుకు, మంచాన పడ్డప్పుడు కూతురు అన్న పద్ధతి మన ఊళ్ళల్లో ఎంతోమంది ఆడపిల్లల కడుపులో ఉన్న మంటే. ఆ ఇల్లు అమ్మ సొంతం, ఆమె ఇష్టమొచ్చినవారికి రాయవచ్చు, చట్టప్రకారం మీకు అందులో అడగడానికి ఏమీ లేదు. అయినా బాధ బాధే. దాన్ని అమ్మ బాత్రూమ్‌లో పడిన విషయంతో కలిపి మాట్లాడినప్పుడల్లా తమ్ముడికి ఇల్లు మాత్రమే వినిపిస్తుంది, అమ్మ వినిపించదు. రెండిటికీ రెండు వేరు రోజులు పెట్టుకోండి. ముందు అమ్మ. ఇల్లు సంగతి ఇంకోసారి, అమ్మ ఎదురుగానే, "నాకు చెప్పకుండా రాసినందుకు బాధపడ్డాను" అని మెల్లగా చెప్పండి. ఇల్లు రాకపోవచ్చు. ఆమె ఎందుకలా చేసిందో మీకు తెలియవచ్చు.

మీవారి "చూద్దాం" గురించి. మనవాళ్ళు "వద్దు" అన్న మాట ముఖాన అనలేక వాడేది "చూద్దాం". "నాకు భయంగా ఉంది, తేల్చుకోలేకపోతున్నాను" అన్నప్పుడు కూడా అదే. మీవారిది ఏదో మీకు తెలియదు, ఎందుకంటే మీరు రెండుసార్లూ అదే ప్రశ్న అడిగారు, ఆయన రెండుసార్లూ అదే జవాబిచ్చారు. ఈసారి ప్రశ్న మార్చండి. "అమ్మ ఇక్కడుంటే మీకు దేనికి ఇబ్బంది? గదికా, డబ్బుకా, అత్తయ్యగారు ఏమనుకుంటారనా?" అని అడగండి. జవాబు గది అయితే దారి వేరు, అత్తగారైతే వేరు. ఆవిడనే వెళ్ళి "మా అమ్మ నెలరోజులు వచ్చి ఉంటే మీకెలా ఉంటుంది అత్తయ్యా?" అని అడగవచ్చు. అడిగినందుకే మెత్తబడే పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు. ఒకవేళ మీవారు నిజంగానే వద్దంటే, ఆ "వద్దు" తెలియడం "చూద్దాం"లో ఏడాది గడపడం కంటే మేలు. అప్పుడు మీ శక్తంతా ఊళ్ళో రాత్రి తోడు మీద పెట్టవచ్చు.

ఊరివాళ్ళు "కూతురుండీ చూడటం లేదు" అంటారు. వాళ్ళకు జవాబు చెప్పే పని పెట్టుకోకండి. వాళ్ళల్లో ఎవరు అమ్మకు పనికొస్తారో వాళ్ళతో మాత్రం స్నేహం పెంచుకోండి.

తమ్ముడితో ఎలా మొదలుపెట్టాలి అంటారేమో. గ్రూప్‌లో వద్దు. పదిమంది చదివే చోట ఎవరూ తగ్గరు. అతనికి ఆదివారం ఉదయం, మనకు సాయంత్రం, ఒక్కడికే ఫోన్ చెయ్యండి. వీలుంటే మీరు అమ్మ దగ్గరికి వెళ్ళిన రోజున అక్కడి నుంచే చెయ్యండి. "నువ్వు అమ్మకు డబ్బు లోటు రానివ్వలేదురా, అందరిముందూ అలా రాయకుండా ఉండాల్సింది" అని ముందు అనండి. అది నిజం కాబట్టి మీకు చిన్నతనం లేదు. వెంటనే పని మాట్లాడండి, "రాత్రి పడుకోవడానికి మనిషి కావాలి, సగం నేనిస్తా. కంటి పరీక్షకు నేను తీసుకెళ్తా. హాల్లో కెమెరా అమ్మకు ఇబ్బందిగా ఉంది, ఆమెనే అడుగు" అని. అతను "సరే, చూస్తా" అంటాడు. అప్పుడు కోప్పడకండి, "ఏది చూస్తావు? మనిషినా, జీతమా? ఎప్పటిలోగా?" అని అడగండి. అతను చెప్పింది అతను రాసుకోవాలి, మీరు చెప్పింది మీరు రాసుకోవాలి. నెలకోసారి అదే ఫోన్‌లో ఆ కాగితం తీసి ఏది అయింది, ఏది కాలేదు అని మాట్లాడుకోండి. మొదటి నెల కొన్ని అవ్వవు. అప్పుడు కూడా "నువ్వు చూడటం లేదు" అనకుండా "లైటు ఇంకా పెట్టలేదు" అనండి.

అన్నిటికంటే ముందు అమ్మను అడగండి. ఫోన్‌లో వద్దు, పక్కన కూర్చుని అడగండి. "మేం చూసుకుంటాంలే" అని మొదలుపెడితే ఆమె "సరే" అని ఊరుకుంటుంది. "రాత్రి ఎవరు పడుకుంటే నీకు బాగుంటుంది? హైదరాబాద్ రావడం ఇష్టమేనా, లేక నేను బాధపడతానని వస్తానంటున్నావా? కంటికి ఏమైనా తేడాగా ఉందా, రాత్రి దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయా?" అని ఒక్కొక్కటి అడగండి. మొదటిసారి "నా సంగతి సరేలే" అంటుంది. మరునాడు మళ్ళీ అడగండి, అందుకని కనీసం రెండు రాత్రులు ఉండేలా వెళ్ళండి. దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయన్నా, ఒక పక్కన నల్లగా ఉందన్నా, చూపు హఠాత్తుగా తగ్గిందన్నా సెలవుల దాకా ఆగకుండా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. దస్తావేజు నకలు, తమ్ముడితో మాటలు, మీవారి జవాబు, ఇవన్నీ ఒక నెల ఆగినా నష్టం లేదు.